ఏ రంగు అని కాదు, ఎంత ముదురు అని అడగండి

సభకు నమస్కారం. దుస్తుల రంగుల గురించి మాట్లాడతానని తెలియగానే చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "నాకు ఏ రంగు నప్పుతుంది?" అడిగినవారు జవాబుగా ఒక రంగు పేరు ఆశిస్తారు. నీలమనో, మెరూన్ అనో చెబితే ఆ పేరు పట్టుకుని బట్టల దుకాణానికి వెళ్దామని వారి ఉద్దేశం. ప్రశ్న న్యాయమైనదే గానీ, ఆ రూపంలో దానికి జవాబు లేదు. నీలం బొత్తిగా నప్పని మనిషి ఉండడం అరుదు. నప్పని నీలాలు కొన్ని మాత్రం ప్రతివారికీ ఉంటాయి. రంగు పేరు కన్నా ఆ రంగు ఎంత ముదురు, ఎంత గాఢం అన్న రెండు గుణాలే ముఖాన్ని ఎక్కువగా మారుస్తాయని, బీరువాలోని దుస్తులు ఒకదానితో ఒకటి కలవడానికి కూడా అవే ఎక్కువగా తోడ్పడతాయని ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను.

ముందుగా ఆ గుణాలను విడదీసి చూద్దాం. అమెరికాకు చెందిన చిత్రకారుడు, అధ్యాపకుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రకటించిన పద్ధతి ప్రకారం ప్రతి రంగుకూ మూడు కొలతలు ఉంటాయి. మొదటిది దాని జాతి, అంటే అది ఎరుపా, పసుపా, నీలమా అన్నది. రెండవది దాని వెలుగు, అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య అది ఎక్కడ ఉందన్నది. మూడవది గాఢత, అంటే బూడిద రంగుకు అది ఎంత దూరంగా జరిగిందన్నది. ముదురుదనం వేరు, గాఢత వేరు: నేవీ బ్లూ ముదురు రంగే గానీ కళ్ళకు కొట్టొచ్చే రంగు కాదు, రాణి పింక్ అంత ముదురు కాకపోయినా చాలా గాఢమైనది. ఇప్పుడు ఆకుపచ్చనే తీసుకోండి. చిలకపచ్చ, పిస్తా రంగు, నాచు రంగు, బాటిల్ గ్రీన్ అన్నీ ఆకుపచ్చలే. వీటిలో పిస్తా లేతది, నాచు రంగు మసకగా ఉండేది, బాటిల్ గ్రీన్ బాగా ముదురు, చిలకపచ్చ మిగతా మూడింటికన్నా గాఢమైనది. తనకు ఆకుపచ్చ నప్పదని తీర్మానించుకున్న మనిషిని కాస్త తరచి అడిగితే, ఎప్పుడో ఒక్క చిలకపచ్చ చొక్కా వేసుకుని చూసి, ఆ కుటుంబం మొత్తాన్నీ బహిష్కరించారని చాలాసార్లు తేలుతుంది.

బట్ట రంగు ముఖాన్ని ఎలా మారుస్తుందన్న విషయం ఊహ కాదు, దానికి శాస్త్రీయమైన చరిత్ర ఉంది. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజెన్ షెవ్రోల్ 1824లో పారిస్‌లోని గోబెలాఁ నేత కార్ఖానాలో అద్దకం శాఖకు అధిపతి అయ్యాడు. అక్కడ అద్దిన నల్ల ఊలులో పస లేదని, నీలం, ఊదా రంగు వస్త్రాల మడతల్లో నీడ చూపించడానికి వాడినప్పుడు ఆ నలుపు వెలిసినట్టు కనబడుతోందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఆ ఊలును ఇతర చోట్ల అద్దిన నల్ల ఊలుతో పోల్చి చూశాడు. నాణ్యతలో లోపం లేదు. లోపం నలుపులో కాక, దాని పక్కన ఉన్న రంగులో ఉందని ఆయన గ్రహించాడు. రెండు రంగులు పక్కపక్కన ఉన్నప్పుడు కన్ను వాటి మధ్య తేడాను పెంచి చూస్తుందనే ఆ సూత్రాన్ని 1839లో పూర్తి రూపంలో ప్రచురించాడు. అందులోనే దుస్తుల రంగులకూ మేని ఛాయకూ మధ్య సంబంధాన్ని కూడా చర్చించాడు.

మనకు పనికివచ్చే సంగతి ఇదే. గాఢమైన ఆకుపచ్చ పక్కన చర్మంలోని ఎరుపు ఎక్కువై కనిపిస్తుంది, కనుక మొటిమలు, ఎర్రని మచ్చలు ఉన్నవారికి ఆ పచ్చ మేలు చేయదు; చర్మం పాలిపోయినట్టు ఉన్నవారికి మాత్రం అదే కొంచెం రక్తకళ తెచ్చినట్టు అనిపించవచ్చు. దీనికి తోడు, కంటి భ్రమతో సంబంధం లేని మరో ప్రభావం కూడా ఉంది. మెడ దగ్గరి బట్ట తన మీద పడిన వెలుగును పైకి తిప్పి గడ్డం మీదికి పంపుతుంది. ఫొటోగ్రాఫర్లు ముఖం కింద తెల్లని అట్ట పట్టించేది ఇందుకే. తెల్లని కాలరు గడ్డం కింది నీడను తేలిక చేస్తుంది, నల్లని కాలరు ఆ వెలుగును మింగేసి నీడను అలాగే వదిలేస్తుంది, గాఢమైన పసుపు మాత్రం తన రంగునే దవడ మీద పూస్తుంది. కనుక నలుపు అందరికీ నప్పుతుందన్న మాటను నేను అంగీకరించను. నలుపు నడుము కింద అందరికీ నప్పుతుంది. మెడ దగ్గర కొందరికే నప్పుతుంది.

ఇక చర్మం సంగతి. మేని ఛాయకు ప్రధాన కారణం మెలనిన్ అనే వర్ణద్రవ్యం; దానికి తోడు రక్తంలోని హిమోగ్లోబిన్ ఎరుపును, ఆహారం ద్వారా చేరే కెరోటిన్ పసుపును చేరుస్తాయి. ఈ మూడింటి పాళ్ళను బట్టి కొందరి చర్మం పసుపు వైపు మొగ్గుతుంది, దానిని వెచ్చని ఛాయ అంటున్నారు. కొందరిది గులాబీ వైపు మొగ్గుతుంది, దానిని చల్లని ఛాయ అంటున్నారు. మణికట్టు దగ్గరి నరాలు ఆకుపచ్చగా కనిపిస్తే వెచ్చన, నీలంగా కనిపిస్తే చల్లన అనే పరీక్ష బాగా ప్రచారంలో ఉంది గానీ, దాన్ని నమ్ముకోవద్దని నా సలహా. నరంలో ప్రవహించే రక్తం ముదురు ఎరుపు. అది నీలంగా లేక పచ్చగా కనిపించడం ఆ నరం ఎంత లోతున ఉంది, చర్మంలో వెలుగు ఎలా చెదిరింది, చుట్టూ ఉన్న చర్మం ఏ రంగులో ఉంది అన్న వాటి మీద ఆధారపడుతుంది. పైగా మేని రంగు ముదురుగా ఉన్నవారికి నరాలే సరిగా కనబడవు, అలాంటప్పుడు ఆ పరీక్షకు అర్థమే లేదు.

ముదురు మేని రంగు ప్రస్తావన వచ్చింది కనుక ఒక దురభిప్రాయాన్ని గురించి కొంత వివరంగా చెప్పాలి. నల్లగా ఉన్నవారు, చామనఛాయ వారు గాఢమైన రంగులు వేసుకోకూడదని, లేత రంగులతో సరిపెట్టుకోవాలని పెద్దలు, దుకాణాల్లో అమ్మేవారు, ఒక్కోసారి ఆ మనుషులే తమకు తాము చెప్పుకుంటూ ఉంటారు. వాస్తవం ఇందుకు దాదాపు విరుద్ధంగా ఉంటుంది. గాఢమైన రంగు పక్కన నిలబడగల బలం ముదురు చర్మానికి ఎక్కువ. దానిమ్మ ఎరుపు, నెమలికంఠం నీలం, ఆవపువ్వు పసుపు వంటి రంగులు ఆ చర్మం పక్కన తమ పూర్తి కళతో వెలుగుతాయి, ముఖాన్నీ వెలిగిస్తాయి. ఇబ్బంది పెట్టేవి చర్మంతో సమానమైన వెలుగు ఉండి, గాఢత లేని రంగులు: మట్టి రంగులు, మురికి గోధుమ రంగులు, బూడిద కలిసిన గులాబీలు. మీ చర్మం ఏ రంగైనా కావచ్చు, దానికి సరిగ్గా సమానమైన వెలుగుతో, గాఢత లేకుండా ఉన్న బట్ట మెడ దగ్గర పడితే ముఖానికీ బట్టకూ మధ్య హద్దు చెరిగిపోయి ముఖం వెలవెలబోతుంది. ఎర్రగా, తెల్లగా ఉన్నవారికి లేత చర్మపు రంగు చొక్కాతో వచ్చే చిక్కు కూడా ఇదే. నప్పకపోవడానికి కారణం రంగుకూ చర్మానికీ మధ్య ఉన్న సంబంధమే గానీ, చర్మంలో ఏదో తక్కువ కావడం కాదు.

ఈ సంబంధాన్ని అంచనా వేయడానికి ఫోన్ ఉంటే చాలు. పగటి వెలుతురులో ముఖం, జుట్టు రెండూ కనిపించేలా ఒక ఫొటో తీసుకుని, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగుల పేర్లన్నీ మాయమై వెలుగు తేడాలు మాత్రమే మిగులుతాయి. జుట్టు, కనుబొమలు, కళ్ళు చాలా నల్లగా ఉండి చర్మం బాగా లేతగా కనిపిస్తే ఆ ముఖంలో వ్యత్యాసం ఎక్కువ. అలాంటి వారికి తెల్లని చొక్కా మీద నేవీ బ్లూ కోటు వంటి పెద్ద తేడాలు సహజంగా అమరుతాయి. జుట్టు, చర్మం, కళ్ళు దగ్గర దగ్గరి స్థాయిల్లో ఉంటే వ్యత్యాసం తక్కువ. అలాంటి ముఖం దగ్గర నలుపు తెలుపు గళ్ళ చొక్కా వేస్తే ఎదుటివారి చూపు గళ్ళ మీదే నిలుస్తుంది, మనిషి వెనకబడిపోతాడు. వారికి కాఫీ రంగు మీద ఇటుక రంగు, బూడిద నీలం మీద లేత నీలం వంటి మెత్తని తేడాలు మేలు. ముదురు చర్మం, నల్లని జుట్టు ఉన్నవారి ఫొటోలో జుట్టుకూ చర్మానికీ తేడా తక్కువగా కనిపించినా, కంటి తెలుపు, పలువరుస వల్ల వ్యత్యాసం నిలుస్తుంది. కనుక వారు తెలుపును ధైర్యంగా వాడవచ్చు.

మనుషులను వసంతం, గ్రీష్మం, శరత్తు, శిశిరం అని నాలుగు ఋతువులుగా విభజించి రంగులు పంచే పద్ధతి గురించి మీలో చాలామంది విని ఉంటారు. దాని మూలాల్లో ఒకటి 1919 నుంచి 1923 దాకా జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో బోధించిన చిత్రకారుడు యోహానెస్ ఇట్టెన్ ఆలోచనలు. జనసామాన్యంలోకి అది 1980ల్లో విస్తరించింది. వెచ్చదనం, చల్లదనం అనే ఆలోచనకు అది అలవాటు చేస్తుంది, అంతవరకు మంచిదే. అయితే ఒక మనిషిని ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టె బయటి రంగులన్నిటినీ నిషేధించడం నాకు రుచించదు. వెచ్చని, చల్లని ఛాయల మధ్య నిలిచే వారు ఎందరో ఉంటారు, వారిని ఒక నిపుణుడు ఒక ఋతువులో, మరొకరు ఇంకో ఋతువులో పెట్టగలరు.

దానికి బదులు అద్దం ముందు చేసుకునే పరీక్ష ఒకటి ఉంది. ఎండ నేరుగా పడని, వెలుతురు బాగా వచ్చే కిటికీకి ఎదురుగా కూర్చుని, రంగు వేసిన జుట్టు ఉంటే తెల్లని గుడ్డతో కప్పి, గడ్డం కింద ఒక్కో బట్టను పరచి చూడాలి. అసలు చిట్కా ఏమిటంటే బట్ట వైపు చూడకూడదు. కళ్ళ కింది వలయాలు, ముక్కుకు రెండు వైపులా పెదవుల దాకా దిగే గీతలు, దవడ అంచు, ఈ మూడు చోట్ల మాత్రమే చూపు నిలపాలి. నప్పని రంగు పెట్టగానే కళ్ళ కింద నలుపు ఒక పాలు పెరుగుతుంది, పెదవుల చుట్టూ చర్మం మసకబారుతుంది, దవడ కింది నీడ మెడలోకి జారిపోయి ముఖం ఆకారమే సడలినట్టు ఉంటుంది. అది తీసి నప్పే రంగు పెట్టగానే దవడ గీత తేరుకుంటుంది, కళ్ళు ముందుకు వస్తాయి. ఒక్క రంగును విడిగా చూస్తే ఈ తేడా తెలియదు. ఒకే జాతికి చెందిన రెండింటిని, ఉదాహరణకు ముదురు నీలాన్నీ లేత నీలాన్నీ, వెంటవెంటనే మార్చి చూస్తేనే తెలుస్తుంది. పక్కన ఇంకొకరు ఉండి చెబితే మరీ మంచిది. మనకు ఇష్టమైన రంగు విషయంలో మన కన్ను పక్షపాతం చూపుతుంది.

కిటికీ వెలుతురు అని పట్టుపట్టడానికి కారణం ఉంది. వెలుగు పసుపు వైపు ఉందో నీలం వైపు ఉందో చెప్పే కొలతను రంగు ఉష్ణోగ్రత అంటారు, అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. పసుపు వెలుగు ఇచ్చే ఇంటి బల్బుది సుమారు 2700 కెల్విన్లు, మబ్బు పట్టిన పగటి వెలుతురుది సుమారు 6500 కెల్విన్లు. మొదటి దానిలో నీలం పాలు తక్కువ కనుక నేవీ బ్లూ నల్లగా కనిపిస్తుంది. ఇంట్లో నలుపు అనుకుని వేసుకున్న జత బయటికి వచ్చాక ఒకటి నలుపు, ఒకటి నేవీ అని తేలేది ఇందువల్లనే. రెండు బట్టలు ఒక దీపం కింద అచ్చం ఒకేలా ఉండి, మరో దీపం కింద వేరుగా కనబడడం కూడా ఉంది. రెండింటినీ వేర్వేరు అద్దకాలతో తయారు చేసినప్పుడు ఇలా జరుగుతుంది. దుకాణంలో బట్ట మార్చుకునే గదిలో దీపం నెత్తి మీద ఉంటే కళ్ళ కింద నీడలు పడి, మంచి రంగు కూడా చెడ్డగా కనిపిస్తుంది. వీలైతే బట్టను గుమ్మం దాకా తీసుకువెళ్ళి చూసి తేల్చుకోండి.

ఇప్పుడు బీరువా దగ్గరికి వద్దాం. నాలుగు చొక్కాలు, మూడు ప్యాంట్లు ఉండి, ప్రతి చొక్కా ప్రతి ప్యాంటుతోనూ కలిస్తే 12 జతలు అవుతాయి. వాటి మీద వేసుకోవడానికి రెండు కోట్లు ఉంటే, కోటు లేకుండా వేసుకునే వీలును కూడా కలుపుకుని 36 అవుతాయి. అదే ప్రతి చొక్కా ఒక్క ప్యాంటుకే సరిపోతే, అన్ని బట్టలు ఉండీ మిగిలేవి నాలుగే జతలు. బీరువా నిండా బట్టలు ఉన్నా వేసుకోవడానికి ఏమీ లేదనిపించడానికి మూలం తరచుగా ఈ లెక్కలోనే ఉంటుంది. న్యూయార్క్ డిజైనర్ డోనా కరణ్ 1985లో ఒకదానితో ఒకటి కలిసే ఏడు వస్త్రాల ఆలోచనతో తన తొలి సేకరణను తెచ్చినప్పుడు అంత ఆదరణ లభించింది ఈ సౌలభ్యానికే. అయితే అందులో నలుపుదే పైచేయి; ఒకే రంగులో అన్నీ కలుస్తాయనడంలో విశేషం లేదు. అనేక రంగులు ఉండి కూడా కలవాలంటేనే ఆలోచన అవసరం.

ఆ ఆలోచన కింది నుంచి మొదలు కావాలి. ప్యాంట్లు, కోట్లు, చెప్పులు, సంచులు ఎక్కువ కాలం ఉండేవి కనుక వాటికి రెండు, మహా అయితే మూడు తటస్థ రంగులు, అంటే నలుపు, నేవీ, బూడిద లాగా ఏ రంగు పక్కనైనా ఒదిగిపోయేవి, చాలు. వాటిలో ముదురుదాన్ని మీ జుట్టు, కళ్ళ ముదురుదనానికి దగ్గరగా ఎంచుకుంటే అది మీ ఒంటి మీద సహజంగా ఇమిడిపోతుంది. నన్ను అడిగితే ఎక్కువమందికి నలుపు కన్నా నేవీ బ్లూ మంచిది. బ్రిటిష్ నౌకాదళం 1748లో తన అధికారుల దుస్తులకు నిర్ణయించిన ముదురు నీలం అది. వెచ్చని రంగులతోనూ చల్లని రంగులతోనూ కలుస్తుంది, ముఖం దగ్గర నలుపంత కఠినంగా ఉండదు, కొద్దిగా వెలిసినా చూడడానికి బాగానే ఉంటుంది. నలుపు వెలిస్తే మాత్రం ఎర్రగానో పచ్చగానో తిరిగి, పాతబడిన సంగతిని చాటుతుంది. రెండు నల్లని బట్టలను వేర్వేరు సమయాల్లో కొని జతగా వేసుకుంటే ఆ తేడా మరీ బయటపడుతుంది. కోటు, ప్యాంటు ఒకే నలుపులో కావాలంటే ఒకే అద్దకంలో వచ్చిన బట్టనే కొనాలి, ఉతికేటప్పుడు రెండింటినీ కలిపే ఉతకాలి.

జీన్స్ అన్ని రంగులతోనూ కలవడానికి కారణం దాని దారంలోనే ఉంది. పాత జీన్స్ చిరుగు దగ్గర ఒక నీలి పోగు లాగి అడ్డంగా తుంచి చూడండి: నీలిమందు పైపొరకే అంటి ఉంటుంది, మధ్యలో దారం తెల్లగానే ఉంటుంది. రాపిడి ఉన్నచోటల్లా ఆ తెలుపు బయటపడుతుంది, కనుక ఒకే బట్టలో ముదురు నీలం నుంచి తెలుపు దాకా అన్ని స్థాయిలూ చేరతాయి. పైన లేత రంగు వేసినా, ముదురు రంగు వేసినా దానికి సరితూగే స్థాయి కింద ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. మీ ఒంటికి నప్పే రెండు మూడు రంగులు కలిసిన అచ్చు బట్ట కూడా ఇదే పని చేస్తుంది; ఆ రంగుల్లో దేనితోనైనా అది జత కడుతుంది.

తటస్థ రంగులు కుదిరాక పైన వేసుకునేవాటికి, అది చొక్కా అయినా, కుర్తా అయినా, స్కార్ఫ్ అయినా, అద్దం పరీక్షలో నెగ్గిన రంగులు కేటాయించండి. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది: నాలుగు వేర్వేరు రంగులు కొంటారు, నాలుగూ ఒకే మధ్యస్థ ముదురుదనంలో ఉంటాయి. మెరూన్, ఊదా, నాచు రంగు, ముదురు నీలం పేర్లకు వేరైనా, నలుపు తెలుపు ఫొటోలో నాలుగూ ఒకే బూడిద రంగు. కింద ప్యాంటు కూడా అదే స్థాయిలో ఉంటే మనిషి మొత్తం ఒకే ముద్దలా కనిపిస్తాడు. నాలుగింటిలో కనీసం ఒకటి బాగా లేతది, ఒకటి గాఢమైనది ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తెలియని వారు ఐరోపా సంతతి పురుషుల్లో సుమారు 8 శాతం ఉంటారు. అలాంటి చూపు ఉన్నవారు కూడా వెలుగు తేడాను పోల్చుకోగలరు కనుక, జత కుదిరిందో లేదో ఈ ఒక్క ఆధారంతోనే చాలావరకు చెప్పగలరు.

తెలుపు విషయంలో ఒక జాగ్రత్త. కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్ల చొక్కాల్లో, డిటర్జెంటు పొడుల్లో వెలుగు పెంచే రసాయనాలు ఉంటాయి. అవి ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగును విడుదల చేస్తాయి. ఆ నీలి తెలుపు చల్లని ఛాయ వారికి హాయిగా ఉంటుంది, వెచ్చని ఛాయ వారి ముఖాన్ని మాత్రం పసుపుగా చూపించవచ్చు. వారికి క్రీమ్, హాఫ్ వైట్ నయం. నేత కూడా రంగును మారుస్తుంది. ఒకే మెరూన్ వెల్వెట్‌లో లోతుగా, శాటిన్‌లో మెరుపు తాకిన చోట లేతగా కనిపిస్తుంది. మెరుపు వల్ల గాఢత పెరిగినట్టు అనిపిస్తుంది కనుక, గాఢమైన రంగు భరించలేని ముఖానికి అదే రంగును మెరుపు లేని నూలులో ప్రయత్నించి చూడవచ్చు.

నప్పని రంగు అంటే మీకు ప్రాణమైతే దాన్ని వదులుకోనవసరం లేదు. ముఖానికి దూరంగా, నడుము కిందికో సంచికో పంపండి. లేదా మెడ లోతుగా ఉన్న వస్త్రంలో కొని, మధ్యలో మీకు నప్పే స్కార్ఫ్ వేయండి. ఇష్టమైన రంగు వేసుకున్న రోజున మనిషి నిలబడే తీరే వేరుగా ఉంటుంది. అద్దం పరీక్షకు ఆ సంగతి తెలియదు.

చివరగా, ఈ ఎంపికలు శాశ్వతం కావు. జుట్టు నెరిసినప్పుడు ముఖంలోని వ్యత్యాసమే మారిపోతుంది: లేత చర్మం ఉన్నవారికి అది తగ్గుతుంది, ముదురు చర్మం ఉన్నవారికి పెరుగుతుంది. మొదటివారు ముదురు కాలరును కాస్త లేత స్థాయికి దించి, నేవీకి బదులు బూడిద నీలం ప్రయత్నించవచ్చు. రెండవవారికి అంతకు ముందు అంతగా కలిసిరాని వెండి బూడిద రంగు నెరిసిన జుట్టుతో జత కలిసి కొత్తగా నప్పడం మొదలవుతుంది. జుట్టుకు రంగు వేయడం మొదలుపెట్టినా, మానేసినా నలుపు తెలుపు ఫొటో మళ్ళీ ఒకటి తీసుకుని, కిటికీ ముందు పాత బట్టలనే వరసగా గడ్డం కింద పెట్టి చూసుకోండి. కొత్తవి కొనడం ఆ తరువాత ఆలోచించవచ్చు.